అరచేయంత పట్టు

ఏప్రిల్ మొదటి వారం. డెట్రాయిట్ శివార్లలో మా మేనల్లుడి ఇల్లు. పొద్దున ఏడింటికి బయట 3 డిగ్రీలు. కాఫీ పట్టుకుని గ్యారేజీలోకి వెళితే, ఎర్ర కారు పక్కన నాలుగు కొత్త టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. స్టిక్కర్లు కూడా ఊడదీయలేదు. "మామయ్యా, ముందు కారు టైరును గోటితో నొక్కు. తర్వాత వీటిని నొక్కు" అన్నాడు వాడు. కారుకు ఇంకా చలికాలపు టైర్లే ఉన్నాయి. వాటిలో గోరు దిగింది. తీసేశాక గుంట మెల్లగా పూడింది. కొత్తవాటి మీద గోరు జారిపోయింది. కుర్చీ కాళ్ళకు తొడిగే రబ్బరు బిళ్ళల్లా గట్టిగా ఉన్నాయి.

"ఇంత గట్టి రబ్బరు రోడ్డును ఏం పట్టుకుంటుందిరా?" అన్నాను.

"మధ్యాహ్నం దాకా ఆగు" అన్నాడు.

మధ్యాహ్నం ఎండ గ్యారేజీ తలుపు దాటి లోపలికొచ్చింది. గంటసేపు ఆ ఎండలో ఉన్న టైరును మళ్ళీ నొక్కాను. ఈసారి లొంగింది. చలికాలపు టైరంత కాదు గానీ, పొద్దుటి మొండితనం లేదు. ఆ కాస్త లొంగుబాటు ఏ వేడిలో మొదలవ్వాలి, ఏ వేడిలో ఆగాలి అన్నదాని చుట్టూనే వేసవి టైరు తయారీ అంతా తిరుగుతుందని ఆ వారం రోజుల్లో మెల్లగా బోధపడింది.

వాడి కారు టొయోటా జీఆర్86. 2.4 లీటర్ల ఇంజను, వెనక చక్రాలకు శక్తి, చేత్తో మార్చుకునే గేర్లు, బరువు 1,280 కిలోల దరిదాపు. ఒక్కో చక్రం మీద సుమారు 320 కిలోలు పడుతుంది. టైరులో 35 పీఎస్ఐ గాలి ఉందనుకుని లెక్కవేస్తే, ఆ బరువును మోయడానికి నేలను తాకాల్సిన జాగా ఒక్కో టైరుకు 130 చదరపు సెంటీమీటర్లు. చాచిన అరచేయంత. నాలుగూ కలిపినా ఒక ఏ4 కాగితం నిండదు. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, వానలో తప్పించుకున్నా, కారుకూ భూమికీ మధ్య ఉన్న సంబంధం ఆ కాగితమంతే. ఇంజను గురించి గంటలు మాట్లాడుకునే మగవాళ్ళు టైరు దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి వెయ్యండి" అనడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. (నేనూ అన్నాను, చాలాసార్లు.)

ఈ కారు కుటుంబానికి టైర్ల విషయంలో ఒక చరిత్ర ఉంది. 2012లో మొదటి తరం 86 వచ్చినప్పుడు దానికి 215/45 ఆర్17 కొలత మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ టైర్లు వేశారు. అవి నెమ్మదస్తుల కార్లకు వేసే రకం. స్పోర్ట్స్ కారుకు ఇదేం పిసినారితనమని చాలామంది వెక్కిరించారు. అది పిసినారితనం కాదు. పట్టు తక్కువగా ఉంటే కారు తక్కువ వేగంలోనే కొద్దిగా జారుతుంది. ఆ జారుడును స్టీరింగుతో, యాక్సిలరేటరుతో సరిదిద్దుకోవడంలో ఉండే ఆనందం మామూలు డ్రైవరుకు కూడా దక్కుతుంది. టైరును ఎంచుకోవడమంటే కారు స్వభావాన్ని ఎంచుకోవడమేనని ఆ ఇంజనీర్లకు బాగా తెలుసు. ఇప్పటి కారుకు 18 అంగుళాల చక్రాలున్న మోడల్లో మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 వస్తుంది.

మావాడి ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఏడాది పొడవునా వాడే ఆల్ సీజన్ టైరు. మంచులోనూ నడవాలి కాబట్టి దాని ట్రెడ్ (నేలను తాకే పైపొర) నిండా సన్నని కోతలుంటాయి. ఆ కోతల వల్ల ఎండాకాలం మలుపులో ప్రతి రబ్బరు దిమ్మె వణుకుతుంది. రెండోది, రేస్ ట్రాక్ మీద సరదాగా తిరిగేవాళ్ళు వాడే 200 ట్రెడ్‌వేర్ (అరుగుదల అంకె) రకం. వేడెక్కితే దాన్ని మించింది లేదు. కానీ వేడెక్కాలి, వానలో భయపెడుతుంది, చూస్తుండగానే అరిగిపోతుంది. మూడోది ఈ రెంటికీ మధ్యది, రోజూ ఆఫీసుకు వెళ్ళగలిగే వేసవి పెర్ఫార్మెన్స్ టైరు. కాంటినెంటల్, బ్రిడ్జ్‌స్టోన్, గుడ్‌ఇయర్ అన్నీ దీన్ని చేస్తాయి. చాలా రాత్రులు లెక్కలు వేసుకుని మావాడు తీసుకున్నది మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్. 2017 నుంచి మార్కెట్లో ఉన్న టైరు. కొలత 225/40 జడ్ఆర్18 92వై.

ఈ అక్షరాలూ అంకెలూ చూసి కళ్ళు తిప్పుకోనక్కర్లేదు. 225 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 40 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 40 శాతం, అంటే 90 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 18 రిమ్ కొలత, అంగుళాల్లో. 92 అనేది బరువు సూచిక. పట్టికలో చూస్తే ఒక్కో టైరు 630 కిలోలు మోయగలదు. వై అంటే గంటకు 300 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకునే రకం. 18 అంగుళాలంటే 457 మిల్లీమీటర్లు. పైనా కిందా చెరో 90 కలిపితే టైరు మొత్తం ఎత్తు 637. కంపెనీ వేసిన 215/40 టైరు ఎత్తు 629. తేడా 8 మిల్లీమీటర్లు, నూటికి ఒకటికి కాస్త ఎక్కువ. స్పీడోమీటరు కొంచెం తక్కువ చూపిస్తుంది, అంతే. రిమ్ వెడల్పు 7.5 అంగుళాలు కాబట్టి 225 దాని మీద సరిగ్గా కూర్చుంటుంది. ఇంకా వెడల్పు కావాలని ఎగబడితే పక్కగోడలు లోపలికి వంగి, డబ్బు పోసి కొన్న చురుకుదనమంతా పోతుంది.

ఇక రబ్బరు. పల్లీ చిక్కీ చేసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బెల్లంపాకం వేడిగా ఉన్నప్పుడు సాగుతుంది, గోరువెచ్చగా ఉన్నప్పుడు వంగుతుంది, చల్లారాక పుటుక్కున విరుగుతుంది. రబ్బరులోని పొడవాటి అణుగొలుసులదీ అదే తీరు. వేడిలో కదులుతాయి, చలిలో బిగుసుకుంటాయి. ఏ దగ్గర బిగుసుకోవాలో రసాయనశాస్త్రజ్ఞుడు నిర్ణయించగలడు. వేసవి టైరు చేసేవాడు మంచు మీద ఆశ వదులుకుంటాడు. 7 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఈ టైరు వాడకండి అనడం వాడుకలో ఉన్న హెచ్చరిక. గడ్డకట్టే చలిలో ట్రెడ్ పగిలే ప్రమాదమూ ఉంది. ఆ ఒక్కటీ వదులుకున్నందుకు ఎండాకాలం రోడ్డు మీద చాలా లాభం వస్తుంది.

కానీ అసలు చిక్కు వేరే చోట ఉంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో ఈ టైరు సెకనుకు దాదాపు 17 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ నేల తాకిన చోట నలిగి, మళ్ళీ సర్దుకుంటుంది. ఈ నలుగుడులో శక్తి వృథా అయితే పెట్రోలు కాలుతుంది, టైరు కాగుతుంది. కాబట్టి ఇక్కడ రబ్బరు ఆటబంతిలా ఉండాలి, తీసుకున్నదంతా తిరిగి ఇచ్చెయ్యాలి. అదే సమయంలో, బ్రేకు వేసినప్పుడు ట్రెడ్ ఉపరితలం తారురోడ్డులోని కంకర మొనల మీద సూక్ష్మంగా జారుతుంది. ఆ మొనలు రబ్బరును సెకనుకు వేల నుంచి లక్షల సార్లు కుదుపుతాయి. ఇక్కడ రబ్బరు శక్తిని మింగెయ్యాలి, తడి మట్టిముద్దలా మొనల చుట్టూ సర్దుకుని వెంటనే వదలకూడదు. ఆ మింగడమే పట్టు. ఒకే రబ్బరు, ఒకే క్షణంలో, నెమ్మది నలుగుడుకు బంతి, వేగపు కుదుపుకు మట్టిముద్ద.

దీన్ని ప్రయోగశాలలో కొలిచే పద్ధతి నాకు ఎంతో నచ్చింది. సెకనుకు లక్షసార్లు కుదిపే యంత్రం కట్టడం కష్టం. కానీ రబ్బరును వేగంగా కుదిపినా, చల్లబరిచి నెమ్మదిగా కుదిపినా అది ఒకేలా స్పందిస్తుంది. అందుకని చిన్న రబ్బరు పట్టీని 0 డిగ్రీల దగ్గర ఊపి చూస్తారు. అక్కడ ఎంత శక్తి మింగితే తడిరోడ్డు మీద అంత పట్టు. అదే పట్టీని 60 డిగ్రీల దగ్గర ఊపుతారు. అక్కడ ఎంత తక్కువ మింగితే పెట్రోలు అంత ఆదా. ఈ కొలతలను గ్రాఫుగా గీస్తే, ఆ గీత 0 దగ్గర పైకెక్కాలి, 60 దగ్గర కిందికి దిగాలి.

చాలాకాలం ఈ గీత రెండువైపులా కలిసే ఎక్కేది, కలిసే దిగేది. టైరుకు నలుపునూ బలాన్నీ ఇచ్చిన కార్బన్ బ్లాక్ పట్టు పెంచితే వృథా కూడా పెంచేది. 1992లో మిషెలిన్ కంపెనీ కార్బన్ బ్లాక్‌లో చాలా భాగాన్ని తీసి సిలికాను, అంటే అతి మెత్తని ఇసుకజాతి పొడిని వేసిన టైరును మార్కెట్లోకి తెచ్చింది. సిలికాకు నీటి మీద మోజు, రబ్బరుది నూనె స్వభావం, రెంటికీ పొసగదు. మధ్యలో సైలేన్ అనే రసాయనం పెళ్ళిళ్ళ పేరయ్యలా కూర్చుంటుంది. దాని ఒక చివర సిలికాను పట్టుకుంటుంది, రెండో చివర గంధకం సాయంతో రబ్బరు గొలుసును పట్టుకుంటుంది. ఈ సంబంధం కుదిరాకే ఆ గీత రెండువైపులా వేర్వేరుగా కదలడం మొదలైంది. 1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి కాల్చి చూసిన తర్వాత టైరు రబ్బరుకు జరిగిన అంత పెద్ద మేలు ఇదేనని నా అభిప్రాయం.

మావాడి టైరులో ట్రెడ్ అంతా ఒకే రబ్బరు కాదు. బయటివైపు భాగం పొడిరోడ్డు మీద మలుపుల కోసం ఒక మిశ్రమం. లోపలివైపు భాగం సిలికా కలిపి తడిరోడ్డు మీద బ్రేకుల కోసం ఇంకో మిశ్రమం. మలుపులో కారు బరువంతా బయటి అంచు మీదికి ఒరుగుతుంది గనక ఆ పంపకం. పచ్చి రబ్బరు మిశ్రమాలు పక్కపక్కనే ఒకే అచ్చు మూతిలోంచి, జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు, ఒకే పట్టీగా బయటికొస్తాయి. ఎంత వెతికినా అతుకు నాకు కనిపించలేదు.

పైన ఉన్న రబ్బరుకు లోపలి ఎముకలగూడు ఆసరా. రిమ్‌ను కరచుకునే అంచుల్లో ఉక్కుతీగల కట్ట ఉంటుంది, దాన్నే బీడు అంటారు. దాని మీద గట్టి రబ్బరు ముక్కోణం నిలబడుతుంది. స్టీరింగు తిప్పగానే కారు స్పందించే ఆ చురుకుదనంలో ఎక్కువ వాటా దానిదే. పాలిస్టర్ దారాల పొర ఈ బీడు నుంచి ఆ బీడుకు అడ్డంగా, సరాసరి సాగుతుంది. రేడియల్ అన్న పేరు అందుకే వచ్చింది. లోపలి గోడకు గాలిని బయటికి పోనివ్వని బ్యూటైల్ రబ్బరు పూత. ట్రెడ్ కింద రెండు ఉక్కు పట్టీలు, వాటి తీగలు ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో ఏటవాలుగా.

వీటన్నిటి పైన చుట్టిన ఆఖరి పట్టీ దగ్గర నేను ఆగిపోయాను. లెక్క చూడండి. గంటకు 120 వేగంలో ట్రెడ్‌లోని ఒక్క గ్రాము రబ్బరు చక్రం నుంచి బయటికి పారిపోవాలని 350 గ్రాముల బలంతో లాగుతుంది. 300 వేగంలో అదే గ్రాము రెండు కిలోలకు పైగా లాగుతుంది. ట్రెడ్ బరువు కిలోల్లో ఉంటుందని గుర్తుంచుకోండి. టైరు నడుము ఉబ్బిపోకుండా పట్టుకోవాలంటే బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే జాతి దారం, అరామిడ్, కావాలి. కానీ అరామిడ్ అసలు సాగదు. పచ్చి టైరును అచ్చులో పెట్టి లోపలి నుంచి ఉబ్బించేటప్పుడు కాస్తయినా సాగాలి కదా? అందుకని అరామిడ్‌ను నైలాన్‌తో కలిపి పేని తాడు చేశారు. మొదట కొంతమేర నైలాన్ సాగనిస్తుంది. ఆ మెలిక విచ్చుకుని అరామిడ్ బిగుసుకోగానే ఇంక కదలదు. ఈ తాడును రిబ్బనులా టైరు చుట్టూ చుడతారు. దారం పేనేవాడికీ రేసుకారు నడిపేవాడికీ ఇక్కడ చుట్టరికం కలిసింది.

ట్రెడ్ నమూనాను చూస్తే ఎడమ కుడి ఒకేలా లేవు. బయటి భుజం మీద పెద్ద పెద్ద దిమ్మెలు, కోతలు దాదాపు లేవు. మలుపులో అవి వంగకూడదు. మధ్యలో టైరు చుట్టూ సాగే లోతైన గాడులు, లోపలివైపు మరిన్ని చీలికలు. గాడులెందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీరుంది, కారు 120లో పోతోంది, ట్రెడ్ వెడల్పు 20 సెంటీమీటర్లు. ఒక్క టైరు ముందుకు వచ్చిపడే నీరు సెకనుకు 20 లీటర్లు. మన ఇళ్ళకు తెచ్చే వాటర్ క్యాన్ అంత నీటిని, సెకనుకు ఒకటి చొప్పున, ఈ గాడులు పక్కకు తోసెయ్యాలి. తోసెయ్యలేకపోతే టైరు నీటి మీద తేలుతుంది, స్టీరింగు చేతిలో ఆటబొమ్మ అవుతుంది.

దిమ్మెల పొడవు కూడా అన్నీ ఒకటి కాదు. ఒక వరుసలో 60కి పైగా దిమ్మెలున్నాయనుకోండి. అన్నీ ఒకే కొలతలో ఉంటే 120 వేగంలో అవి సెకనుకు వెయ్యిసార్లు నేలను కొట్టి, టైరు ఈల వేస్తుంది. అందుకని రెండు మూడు కొలతలు తీసుకుని, ఒక క్రమం దొరకనట్టుగా కలిపి పేరుస్తారు. శబ్దం మొత్తం తగ్గదు. ఒక్క స్వరంలో పోగుపడకుండా చెదిరిపోతుంది. గ్యారేజీలో కింద కూర్చుని వేలితో కొలుస్తూ పోతే పొడుగు, పొట్టి, పొట్టి, మధ్యరకం అని దొరికాయి. మా చెల్లెలు తలుపు దగ్గర నిలబడి "అన్నయ్యా, టైరుకు జాతకం చూస్తున్నావా?" అంది.

ఈ భాగాలన్నీ డ్రమ్ము మీద ఒక్కొక్కటే చుట్టగా తయారయ్యేది పచ్చి టైరు. మెత్తగా, నమూనా లేకుండా, జిగటగా ఉంటుంది. దాన్ని అచ్చులో పెట్టి, లోపల సంచిని ఉబ్బించి, ఆవిరి వేడిలో ఉడికిస్తారు. గంధకం గొలుసుల మధ్య వంతెనలు వేస్తుంది. జిగట పోయి సాగుడు వస్తుంది. ట్రెడ్, అక్షరాలు, అంకెలు అన్నీ ఒకేసారి అచ్చుపడతాయి. సంగారెడ్డి జిల్లా సదాశివపేట దగ్గరి ఎంఆర్ఎఫ్ కర్మాగారంలో జరిగేది ఈ పనే, 2020లో తిరుపతి జిల్లా చినపాండూరులో మొదలైన అపోలో కర్మాగారంలో జరిగేదీ ఈ పనే. కొత్త టైరు మీద సన్నని రబ్బరు వెంట్రుకలు కనిపిస్తాయే, అవి అచ్చులోని గాలి బయటికి పోయిన రంధ్రాల గుర్తులు.

ఇంత పని చేశాక బిగించేవాడు తప్పు చేస్తే అంతా వృథా. కిందటి సెట్టు బిగించుకున్నప్పుడు అక్కడి ఒక షాపువాడు మావాడి నాలుగు టైర్లలో ఒకదాన్ని లోపలివైపు బయటికి వేసి పంపాడు. రెండు నెలల తర్వాత కారు కడుగుతుంటే కంటపడింది. పక్కగోడ మీద 'బయటివైపు' అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాట అంత స్పష్టంగా అచ్చుపోసి ఉన్నా సరే! ఈసారి వాడు పక్కన నిలబడి చూశాడు. టైరు మీద తేలికైన చోటును చూపే పసుపుచుక్కను వాల్వు పక్కనే పెట్టించాడు, బ్యాలెన్సింగు తూకాలు ఎన్ని పడ్డాయో రాసుకున్నాడు. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగానే నడిపాడు, అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన మందు ట్రెడ్ మీది నుంచి పోవాలి గనక.

ఇంటికొచ్చాక నాకు మన రోడ్లు గుర్తొచ్చాయి. లంబసింగిలోనో ఆదిలాబాదులోనో కొన్ని జనవరి పొద్దులు తీసేస్తే మన దగ్గర 7 డిగ్రీల గొడవే లేదు. మన షాపుల్లో అమ్మే టైర్లు దాదాపు అన్నీ స్వభావరీత్యా వేసవి టైర్లే. అందుకే ఆ పేరు మనకు వినబడదు. మనకున్న శత్రువు చలి కాదు, గుంత. పక్కగోడ 90 మిల్లీమీటర్లే ఉంటే ఒక్క గుంత దెబ్బకు గోడలోని దారాలు తెగి, బుడగలా ఉబ్బు వస్తుంది. ఆ ఉబ్బుకు మందు లేదు, టైరు మార్చాల్సిందే. హైదరాబాదులో ఇదే కారు ఉండి నన్ను అడిగితే, 18 అంగుళాల సోకు మానేసి, 17 అంగుళాల రిమ్ మీద 215/45 వెయ్యమంటాను. అందం ఒక పాలు తగ్గుతుంది, గోడ ఏడు మిల్లీమీటర్లు పెరుగుతుంది.

మావాడి టైర్ల మీద అమెరికా ప్రభుత్వ పద్ధతిలో 300 ట్రెడ్‌వేర్, ఏఏ ట్రాక్షన్, ఏ టెంపరేచర్ అని ఉంది. ఆ 300ను కంపెనీ తనకు తానే ఇచ్చుకుంటుంది. ఆ ఏఏ తడిరోడ్డు మీద తిన్నగా ఆగడం గురించే చెబుతుంది, మలుపు గురించి ఒక్క మాటా చెప్పదు. నేను వాటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది పక్కగోడ మీద చిన్న గుండ్రటి గడిలో ఉండే నాలుగు అంకెలకు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1124 అని ఉంటే ఆ టైరు 2024లో పదకొండో వారంలో పుట్టింది. మీ బండి తీసేముందు ఒకసారి వంగి ఆ నాలుగు అంకెలూ చదవండి. పనిలో పనిగా గాడి అడుగున అడ్డంగా ఉండే చిన్న గట్టును చూడండి, దాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. ట్రెడ్ అరిగి దానితో సమానమై ఉంటే మాత్రం ఆఫీసుకు కాదు, టైర్ల షాపుకు వెళ్ళండి.